నానా మంచం, నవాబుల మచాన్

మా నానా ఇంట్లో ఒక నులక మంచం ఉండేది. దాని నాలుగు కోళ్ళకూ తాడు ఒరుసుకున్న గాట్లు ఉండేవి. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ గాట్లలో వేలు పెట్టి తడుముతుంటే అమ్మీ కసిరేది: "అది షికార్ మంచంరా, దాని మీద దూకకు."

నానా షికారీ కాదు. ఆయనకు తుపాకీ లేదు, లైసెన్సూ లేదు. వికారాబాద్ వైపు అడవులకు పట్నం నుంచి షికార్‌కొచ్చే సాబులకు మచాన్ కట్టడం ఆయన పని. ఏ వాగు దగ్గర చిరుత నీళ్ళు తాగుతుందో చూసి పెట్టాలి, మంచి చెట్టు వెతకాలి, ఇంట్లో మంచం తీసుకెళ్ళి కొమ్మల మధ్య కట్టాలి, చుట్టూ మోదుగాకులు దట్టించి మనిషి కనపడకుండా చేయాలి. మంచానికి రాత్రికి ఇంత అని కిరాయి. ఆ రాత్రి మా నానీ నేల మీద పడుకునేది, ఎందుకంటే ఇంట్లో ఉన్న మంచం అదొక్కటే.

1960ల్లో ఒకసారి ఆ మంచం దొంగతనానికి గురైంది. ఆ కిస్సా నానా నోట నేను కనీసం పదిసార్లు విన్నాను. అసర్ నమాజ్ తర్వాత సాబుని వెంటబెట్టుకుని చెట్టు దగ్గరికి వెళితే మంచం లేదు, నిచ్చెన లేదు. తెగ్గోసిన తాళ్ళు మాత్రం కొమ్మలకు వేలాడుతున్నాయి. సాబు తిట్టి వెనక్కి వెళ్ళిపోయాడు. నానా వాగు వెంట నడిచారు. కొంత దూరం పోయాక మేక అరుపు వినపడింది. చూస్తే ఇంకో చెట్టు మీద తన మంచం! దాని మీద ఇంకో క్యాంపు తాలూకు సాబు, చేతిలో తుపాకీ. నులక అల్లింది నానాయే కాబట్టి ముడి చూసి గుర్తుపట్టారు.

అప్పటికి మగ్రిబ్ వేళ. నానా అరవలేదు, దగ్గరికీ పోలేదు. చీకట్లో మచాన్ కింద కదిలే ప్రతి నీడా చిరుతే. ఊళ్ళోకి వెళ్ళిపోయి, ఫజర్ తర్వాత వచ్చి చెట్టు కింద కూర్చున్నారు. పైనున్నాయన దిగి, సంగతి విని, పదిరూపాయల నోటు తీశాడు. "జరిమానా వద్దు సాబ్, మంచం ఇప్పించండి, ఇంట్లో నిండు మనిషి ఉంది" అన్నారు నానా.

ఆ మధ్యాహ్నం ఆ ఇద్దరు సాబులూ కలుసుకున్నారు. ఒకరి బ్లాకులో ఇంకొకరు వేటాడటం తప్పని రెండోవాడు మాఫీ కోరాడు. మొదటివాడు పెద్దమనసుతో చాయ్ తాగించాడు. చేతులు కలిపారు. మంచం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. దాన్ని నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్ళు ఇంటికి నడిచింది నానా ఒక్కరే.

చాలా ఏళ్ళ దాకా ఈ కిస్సాని నేను నవ్వుకుంటూనే విన్నాను. తర్వాత డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు ఓ సంగతి తట్టింది. సంస్కృతంలో 'మంచ' అనే మాట ఉంది. అది తెలుగులో మంచం అయింది, మంచె అయింది. ఉర్దూలో మచాన్ అయింది. మూడూ ఒకే ఇంటి పిల్లలు. నడుము వాల్చేది మంచం. జొన్నచేలో నాలుగు గుంజల మీద కట్టి, రైతు కూర్చుని వడిసెలతో పిట్టల్ని తోలేది మంచె. నవాబు, దొర, ఇంగ్రేజ్ సాబు కూర్చుని తుపాకీ పేల్చేది మచాన్. మొదటి రెండూ కూర్చున్నవాడి సొంతం. మూడోది మాత్రం చాలాసార్లు ఎవరిదో మంచం, ఎవరిదో చెట్టు, ఎవరిదో నేల.

షికార్‌కు పెద్ద దస్తూర్ ఉండేది. అడవిని బ్లాకులుగా విడగొట్టి పర్మిట్లు ఇచ్చేవారు. ఒకరికిచ్చిన బ్లాకులోకి ఇంకొకరు పోకూడదు. ఒకరు ఎర కట్టిన చోట మరొకరు కాపు కాయకూడదు. హాకా నడుస్తుంటే, అంటే డప్పులు కొడుతూ కేకలేస్తూ మనుషులు వరసకట్టి జంతువుని మచాన్ల వైపు తోలుతుంటే, సైగ వచ్చేదాకా చెట్టు దిగకూడదు. మనుషుల వరస వైపు గురిపెట్టకూడదు. గాయపడ్డ పులిని వదిలేసి పోకూడదు. దాన్ని వెతికి ముగించడం గాయపరిచినవాడి జిమ్మేదారీ. ఇద్దరు కాలిస్తే మొదటి నెత్తురు ఎవరి తూటా తీసిందో చర్మం వాళ్ళది. ఇవన్నీ ప్రాణాలకు సంబంధించిన నియమాలే, కాదనను. ఒక తప్పు అడుగుకు ఒక శవం లేచే చోట అదబ్ లేకపోతే కుదరదు.

కానీ ఆ అదబ్ తుపాకీ ఉన్నవాడికీ తుపాకీ ఉన్నవాడికీ మధ్య మాత్రమే నడిచింది.

మన రియాసత్ చరిత్రే చూడండి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1869 నుంచి 1911 దాకా పాలించారు. పులివేటలో ఆయన పేరు దేశమంతా మోగింది. 'తీస్‌మార్ ఖాన్' అనే మాట ఆయన కొట్టిన పులుల లెక్క నుంచే వచ్చిందని హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. షికార్ ఆయనకు సరదా మాత్రమే కాదు, సియాసత్ కూడా. ఏ పెద్ద మెహమాన్ వచ్చినా పులివేట ఏర్పాటు చేయాల్సిందే. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వచ్చి ఇక్కడ వేటాడి వెళ్ళాడు. ఇరవయ్యొక్కేళ్ళ తర్వాత సరయేవోలో ఆయన హత్యతోనే మొదటి ప్రపంచ యుద్ధం రాజుకుంది. 1902లో వైస్రాయ్ కర్జన్ వస్తే వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వేట. చచ్చిన పులి పక్కన కర్జన్ దంపతులు నిలబడ్డ ఫొటో మీరు చూసే ఉంటారు. నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కెమెరా ఆ రోజుల షికార్లనీ క్యాంపులనీ మన కళ్ళకు కట్టింది.

అలాంటి ఫొటోల్లో పులి కనపడుతుంది, టోపీలు కనపడతాయి, తుపాకులు కనపడతాయి. ఆ పులిని తోలుకొచ్చినవాళ్ళు ఎక్కడ? హాకాకు వందల మంది కావాలి. ఎరకు దున్నదూడ కావాలి. క్యాంపుకు పాలు, కోళ్ళు, కట్టెలు, బండ్లు కావాలి. ఇవన్నీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రావాలి. తెలంగాణలో దానికి పేరు వెట్టి. ఊరికి అధికారి వచ్చినా, దొర వచ్చినా, చేతిలో పని వదిలేసి ఒట్టి చేతుల కష్టం చేయాల్సిందే. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ వెట్టికి వ్యతిరేకంగా గొంతెత్తిందంటే ఊరికే ఎత్తలేదు.

ఊళ్ళు తమ జవాబు తాము చెప్పుకున్నాయి. పిట్టలదొరని చూశారా? ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. వీధిలో నిలబడి తన పులివేటలూ తన జాగీర్లూ చెప్పుకుంటూ కోతలు కోస్తుంటే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. కొన్నిచోట్ల ఆయన్ని తుపాకీ రాముడంటారు, కొన్నిచోట్ల లత్కోర్ సాబ్ అంటారు, బుడ్డర్‌ఖాన్ అని కూడా అంటారు. తీస్‌మార్ ఖాన్‌ని ఎదురుగా ఏమీ అనలేని ప్రజలు కట్టె తుపాకీతో తీర్చుకున్న బదులా అనిపిస్తుంది నాకు.

మనవాళ్ళలో కొందరికి షికార్ మాట ఎత్తితే చాలు, 'మా ఖాన్‌దానీ షౌఖ్' అని ఛాతీ ఉబ్బుతుంది. వాళ్ళ కోసమే ఈ మాట. మన దీన్‌లో షికార్ మనాహీ కాదు. కానీ దాని షర్తులు చదివితే నవాబుల దస్తూర్ చిన్నబోతుంది.

ఫిఖ్‌లో సైద్, అంటే వేట, అని ఒక పూర్తి అధ్యాయమే ఉంది. మన హనఫీ ఉలమా అక్కడ నీయత్‌ని ఎంత లోతుగా తూచారో చూడండి. ఒకాయన వల పరిచాడు, అందులో పిట్ట పడింది. వేట కోసమే పరిచి ఉంటే పిట్ట ఆయనది. ఆరబెట్టడానికి పరిచి ఉంటే ఎవరు పట్టుకుంటే వాళ్ళది. ఇంకో మసలా. ఒకరు బాణం వేశారు, తగిలింది కానీ జంతువు ఇంకా పారిపోగలదు. రెండోవారు వేసి పడగొట్టారు. అది రెండోవారిది. మొదటి బాణానికే కదల్లేకుండా పడిపోయి ఉంటే మొదటివారిది. గీరుకుపోయిన తూటాకు చర్మం దక్కే 'మొదటి నెత్తురు' రివాజ్ ఇక్కడ చెల్లదు.

అంతకన్నా నా మనసును పట్టుకున్నది ఇమాం మాలిక్ ముఅత్తాలో ఉన్న ఒక సంగతి. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇహ్రామ్‌లో మక్కా వైపు వెళుతున్నారు. రౌహా అనే చోట గాయపడిన అడవిగాడిద కనపడింది. దాన్ని ముట్టుకోకండి, దాని మనిషి వస్తుంటాడు అని చెప్పారు. అన్నట్టే బహ్జ్ తెగకు చెందిన షికారీ వచ్చి, తన ఇష్టంతో దాన్ని వాళ్ళకిచ్చాడు. ఇంకొంత దూరం పోయాక బాణం దిగిన జింక ఒకటి నీడలో పడుకుని ఉంది. కాఫిలా మొత్తం దాటిపోయేదాకా ఎవరూ దాన్ని కదిలించకుండా ఒక మనిషిని కాపలా నిలబెట్టారు.

ఎడారి దారి. అడిగేవాడు లేడు, బోర్డు లేదు, పర్మిట్ లేదు. అయినా ఎదురుగా లేని మనిషి హఖ్‌కి కాపలా. బాధలో ఉన్న జంతువుకీ కాపలా. నా నానా ఒక రాత్రంతా ఆగి ఫజర్ తర్వాత చెట్టు కింద కూర్చోవడంలో ఈ అదబే ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది.

కూర్చునే చోటు గురించి కూడా హదీసుంది. ఒకరు తన చోటు నుంచి లేచి వెళ్ళి తిరిగొస్తే ఆ చోటు మీద ఆయనకే ఎక్కువ హఖ్ అని సహీహ్ ముస్లింలో వచ్చింది. మస్జిద్‌లో మనం పాటించేది అదే. కానీ ఆ హఖ్ కూర్చునే చోటు వరకే. చోటుకి హఖ్ ఉందని చుట్టూ ఉన్న మైదానమంతా నాదనడం చెల్లదు. జాహిలియత్ కాలంలో అరబ్బు సర్దార్లు అదే చేసేవారు. ఎత్తైన చోట కుక్కని మొరిగించి, దాని అరుపు ఎంత దూరం వినపడితే అంత పచ్చిక తమ హిమా అనేవారు. హిమా అంటే ఇతరులు రాకుండా కాచుకున్న నేల. అల్లాహ్‌కీ ఆయన రసూల్‌కీ తప్ప ఎవరికీ హిమా లేదని ప్రవక్త ఆ రివాజ్‌ని తెంచేశారు. నీళ్ళలో, గడ్డిలో, నిప్పులో అందరూ షరీకులేనన్నారు. తర్వాత హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు రబజాలో ప్రజల పశువుల కోసం హిమా ఏర్పరచినప్పుడు దాని కాపలాదారుకు ఇచ్చిన హిదాయత్ బుఖారీలో ఉంది. నాలుగు మేకలూ నాలుగు ఒంటెలూ ఉన్న పేదవాణ్ణి లోపలికి రానివ్వు, పెద్ద మందలున్నవాళ్ళ విషయంలో జాగ్రత్తపడు అని.

షికార్‌గాహ్‌కీ హిమాకీ తేడా ఇదే. రెండూ కంచె వేసిన నేలలే. ఒకటి పెద్దవాడి కోసం, ఒకటి చిన్నవాడి కోసం.

ఇప్పుడు మనముండే చోటికి వద్దాం. నేను కొండాపూర్‌లో ఉంటాను. మా బాల్కనీ నుంచి గాజు బిల్డింగులు కనపడతాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళ పాత పేర్లు ఒకసారి చదవండి. రాయదుర్గ్ పాయెగా. రాయదుర్గ్ నవ్ ఖల్సా. మణికొండ జాగీర్. కంచ గచ్చిబౌలి. పాయెగా అంటే పాయెగా నవాబులది. ఖల్సా అంటే సర్కారుది. జాగీర్ అంటే జాగీర్దార్‌ది. 1949లో సర్ఫెఖాస్, జాగీర్లు రద్దయ్యాయి. నేల చేతులు మారింది, పేర్లు మాత్రం రెవెన్యూ కాయితాల్లో మిగిలాయి. కంచ అంటే మన తెలంగాణలో గడ్డి నేల, పశువులు మేసే బీడు. హదీసులో అందరూ షరీకులన్న గడ్డి అదే.

పట్నం చుట్టూ ఉన్న షికార్‌గాహ్‌లలో కొన్నిటి నసీబ్ బాగుంది. వనస్థలిపురం దగ్గర నిజాం వేటాడిన నేల 1975లో మహావీర్ హరిణ వనస్థలి అయింది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆ పేరు పెట్టారు. దాదాపు 3,600 ఎకరాల్లో ఇప్పుడు కృష్ణజింకలు నిర్భయంగా తిరుగుతున్నాయి. మెదక్ వైపు పోచారం కూడా ఒకప్పటి షికార్‌గాహే, ఇప్పుడు అభయారణ్యం. వేటగాళ్ళ అదబ్ అడవిని కాపాడలేకపోయింది. 1972లో లెక్క తీస్తే దేశం మొత్తం మీద పులులు 1,827 తేలాయి. ఆ ఏడాదే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి షికార్ మూసేసింది. నానా మంచం కూడా ఆ తర్వాతే ఇంటికి పర్మనెంట్‌గా తిరిగొచ్చింది.

గచ్చిబౌలి సంగతి ఇంకోలా నడిచింది. 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది, సుమారు 2,300 ఎకరాలు దానికన్నారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. ఆ తర్వాత ఇక్కడ నేల ధర గజాల్లో మాట్లాడటం మొదలైంది. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను ఒక ప్రభుత్వం క్రీడల పేరుతో ప్రైవేటు కంపెనీకిచ్చింది. 2006లో తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది. కోర్టుల్లో కేసు 2024 దాకా సాగి నేల సర్కారుదని తేలింది. 2025 మార్చి చివర్లో అక్కడికి జేసీబీలు వచ్చాయి. రాత్రిపూట చెట్లు పడుతుంటే నెమళ్ళ అరుపులు ఫోన్లలో దేశమంతా విన్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ రోజుల్లోనే ఒక జింక కుక్కల దాడిలో చనిపోయింది.

ఆ వీడియోలు చూస్తుంటే నాకు హాకా గుర్తొచ్చింది. చప్పుడు చేసి జంతువుని దాక్కున్న చోటు నుంచి బయటికి తోలడం. ఆ నేల సర్కారుదా, యూనివర్సిటీదా అన్న బహస్‌లో నేనూ పాల్గొన్నాను, వార్తలు రాశాను. ఇద్దరు సాబులు బ్లాకు ఎవరిదని మాట్లాడుకున్నట్టే. అక్కడ ఉన్న ప్రాణుల లెక్క, ఒకప్పుడు అక్కడ మేకలు మేపుకున్నవాళ్ళ లెక్క చాలా ఆలస్యంగా అడిగాం.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో చెబుతాను. కిందటేడు ఓ దావత్‌కు వెళ్ళాను. ఎవరిదని చెప్పను. దస్తర్‌ఖాన్ మీద ఒక డిష్ వచ్చింది. పక్కాయన చెవి దగ్గరకొచ్చి, "హిరన్‌ది భాయ్, స్పెషల్" అన్నాడు. నేను తినలేదు. కానీ ఏమీ అనలేదు కూడా. కడుపు నొప్పని అబద్ధమాడి పక్కకు జరిగాను. ఆ ఖామోషీ నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది.

ఆ గోష్త్ ఎలా వస్తుందో తెలుసుకోండి. ఇప్పుడు ఈ పట్నం అంచుల్లో మచాన్ కట్టి ఎవరూ కూర్చోరు. వైరు ఉచ్చులు పెడతారు. జింక మెడ అందులో ఇరుక్కుని, గుంజుకున్న కొద్దీ బిగుసుకుని, ఊపిరాడక చస్తుంది. పొద్దున్నే వచ్చి మూటకడతారు. గొంతు బిగిసి చచ్చిన జంతువు హరామ్ అని సూరె మాయిదా మూడో ఆయత్‌లో స్పష్టంగా ఉంది. దాన్నే ముంఖనిఖా అంటారు. చట్టం ప్రకారం ఉచ్చు పెట్టడం కూడా వేటే. కృష్ణజింక లాంటి షెడ్యూల్ ఒకటి జంతువైతే కనీసం మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా జైలు. అంటే దీన్ ప్రకారం హరామ్, కానూన్ ప్రకారం జుర్మ్, పైగా అందరి అమానత్‌లో దొంగతనం. అడవి జంతువు ఎవరి మిల్కియత్ కాదు కాబట్టి ఎవరైనా పట్టుకోవచ్చన్న పాత వాదన ఇక్కడ నిలబడదు. మనమందరం కలిసి దాన్ని కాపాడుకుంటామని చట్టం రాసుకున్నాం. మాట ఇచ్చాక తప్పడం మోమిన్ లక్షణం కాదు.

కాబట్టి నా గుజారిష్ ఒక్కటే. అలాంటి డిష్ దస్తర్‌ఖాన్ మీదికొస్తే నాలాగా కడుపు నొప్పి అనకండి. ఇది ఎక్కడిది భాయ్, ఎలా చచ్చింది అని అడగండి. అందరూ వినేలా, మర్యాదగా. ఈసారి నేనూ అడుగుతాను.

నానా ఇంతకాలంగా చచ్చిపోయి ఉన్నారు. అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయుగాక. ఆ మంచం కొన్నేళ్ళు మామూ ఇంట్లో పడి ఉంటే, కిందటి రంజాన్‌కు నేను కొండాపూర్ తెచ్చుకున్నాను. ఒక కోడు విరిగితే వడ్రంగి చేత వేయించాను. మిగతా మూడింటికీ గాట్లు అలాగే ఉన్నాయి. మొన్న మా పాప అందులో వేలు పెట్టి, "అబ్బా, ఇదేంటి?" అని అడిగింది.

కిస్సా మొత్తం చెప్పాను. అంతా విని ఒక్క ప్రశ్న వేసింది: "మరి ఆ రాత్రి నానీ కింద పడుకుందా?"

అరవై ఏళ్ళలో ఆ సాబులిద్దరూ అడగని ప్రశ్న అది. పదిసార్లు విన్న నేనూ అడగలేదు.